సరుకులు యాప్‌లోనా, సందు చివరి కొట్లోనా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో కొత్తగా దిగిన మా తమ్ముడి ప్రశ్న ఇది.

ధర: కొట్లో అడిగి, కూడిక చూసి ఇస్తాం. యాప్‌లో మొదట తక్కువే, చివరి స్క్రీన్‌లో హ్యాండ్లింగ్ ఛార్జీ వచ్చి చేరుతుంది.

శ్రమ: యాప్‌దే గెలుపు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి వచ్చాక ఎవరికుంటుంది ఓపిక?

రిస్క్: అసలు సంగతి ఇక్కడుంది. కొట్టాయన (కర్నూలు మనిషి, మాటకారి) "కొత్త బెల్లం తీసుకోండి" అంటే మొహం మీదే వద్దనొచ్చు. యాప్ అడగదు. విరాళానికి ముందే టిక్ పెట్టి ఉంచుతుంది. "ఇంకా రెండే ఉన్నాయి" అని తొందరపెడుతుంది. వద్దనాలంటే "నాకు పొదుపు అక్కర్లేదు" అనే బటన్ మన చేతే నొక్కిస్తుంది. ఇష్టపడి కొన్నామనే అనుకుంటాం. ఓ మెంబర్‌షిప్‌కి నేనూ మూడు నెలలు తెలియకుండానే కట్టాను. ఇలాంటి 13 రకాల ఎత్తుగడలను, అంటే డార్క్ ప్యాటర్న్స్‌ను, కేంద్రం 2023 నవంబర్‌లో నిషేధించింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

రాత్రి పదకొండింటికి పాలు కావాలంటే యాప్. నెల సరుకులకు, ముఖ్యంగా చీటీ రాసుకోని రోజున, కొట్టే.