ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని పడింది, కుట్టు మిషన్ మాత్రం రాలేదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు దయచేసి చదవండి

అమ్మ కోసం ఒక చిన్న ఎలక్ట్రిక్ కుట్టు మిషన్ ఆర్డర్ చేశాను. మిషన్ ఇప్పటికీ రాలేదు. కట్టిన డబ్బు వెనక్కి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో మొదటి రెండు నెలలు పూర్తిగా నా తప్పు వల్లే వృథా అయ్యాయి. సెల్లర్ మర్యాదగా మాట్లాడుతున్నాడు కదా, ఇంకొన్నాళ్లు చూద్దాం అని ఆగాను. మీరు అలా ఆగకండి. ఈ పోస్ట్ రాస్తున్నది అందుకే.

సోషల్ మీడియాలో ప్రకటన చూసి ఆ సైట్‌లోకి వెళ్లాను. ఫొటోలు బాగున్నాయి, రివ్యూలు వందల్లో ఉన్నాయి. '7 నుంచి 10 రోజుల్లో డెలివరీ' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కార్డుతో డబ్బు కట్టాను. పదో రోజు దాటింది, ఏమీ రాలేదు. మెయిల్ పెడితే వెంటనే జవాబు వచ్చింది: స్టాక్ ఆలస్యమైంది, క్షమించండి, ఈ వారంలో పంపిస్తాం. తర్వాతి వారం మళ్లీ అదే మాట. నెల దాటాక ట్రాకింగ్ నంబర్ ఇచ్చారు. హమ్మయ్య అనుకున్నాను. కానీ రెండు వారాల పాటు అందులో ఒకే లైను కనిపించింది: 'షిప్‌మెంట్ సమాచారం అందింది'.

ఆ లైనుకు అర్థమేమిటో నాకు అప్పుడు తెలియదు. సెల్లర్ కంప్యూటర్‌లో లేబుల్ తయారు చేశాడు, అంతవరకే. పార్సిల్ కొరియర్ చేతికి వెళ్లినట్టు కాదు. లేబుల్ ఎవరైనా నిమిషంలో తయారు చేయగలరు. మొదటి స్కాన్ పడేదాకా మీ వస్తువు బయల్దేరలేదనే అనుకోండి.

ఇంకో చిన్న విషయం, ఇది చాలామందికి తెలియదు. విదేశం నుంచి పోస్టు ద్వారా వచ్చే ట్రాక్ అయ్యే పార్సిళ్ల నంబర్‌కు అంతర్జాతీయంగా ఒకే పద్ధతి ఉంది. మొత్తం 13 స్థానాలు: ముందు రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశాన్ని సూచించే రెండు అక్షరాలు. సీఎన్ అంటే చైనా, జీబీ అంటే బ్రిటన్. మన దేశంలోని గోడౌన్ నుంచే పంపుతున్నాం అని చెప్పిన సెల్లర్ ఇచ్చిన నంబర్ చివర వేరే దేశం కోడ్ ఉంటే, అతను చెప్పింది అబద్ధమని అక్కడే తెలిసిపోతుంది. ప్రైవేటు కొరియర్లకు మాత్రం ఎవరి పద్ధతి వారిది.

నా విషయానికి వస్తే, ఒక రోజు ఉన్నట్టుండి స్టేటస్ 'డెలివర్డ్' అని మారింది. ఇంట్లో అందరం ఉన్నాం, ఎవరూ రాలేదు. పక్కింట్లో అడిగాను, కింద వాచ్‌మన్‌ను అడిగాను. లేదు. సెల్లర్‌కు రాస్తే, అప్పటిదాకా 'క్షమించండి' అన్న మనిషి స్వరం మారిపోయింది. 'ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని ఉంది, ఇక మా బాధ్యత లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మోసం జరిగేది ఇలాగే. మీ ఊళ్లోనే వేరే అడ్రస్‌కు ఒక ఖాళీ కవరో, చిన్న చవక వస్తువో పంపిస్తారు. ట్రాకింగ్‌లో ఊరు పేరు, 'డెలివర్డ్' అనే మాట మాత్రమే కనిపిస్తాయి. ఇంటి నంబర్ కనిపించదు. డిస్ప్యూట్ వచ్చినప్పుడు, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమని మనం బ్యాంకుకో, చెల్లింపు సంస్థకో ఫిర్యాదు చేసినప్పుడు, ఆ పేజీనే రుజువుగా చూపిస్తారు.

నన్ను కాపాడింది కొరియర్ ఆఫీసు. ఆ నంబర్‌తో వెళ్లి అడిగితే, ఎవరికి ఇచ్చారో చెప్పలేమన్నారు, అది సబబే. కానీ డెలివరీ జరిగింది నా అడ్రస్‌కు కాదని మాత్రం రాసి ఇచ్చారు. పార్సిల్ బరువు ఎంతని అడిగాను. వాళ్ల రికార్డులో ఉన్నది 40 గ్రాములు. కుట్టు మిషన్ కిలోల్లో ఉంటుంది. ఆ కాగితం చేతిలో పడ్డాక నాకు ధైర్యం వచ్చింది. మీకూ ఇలా జరిగితే ఈ రెండూ తప్పకుండా అడగండి: అడ్రస్ మనది కాదన్న మాట, పార్సిల్ బరువు. ఫోన్‌లో చెబితే సరిపోదు, రాతపూర్వకంగా కావాలి.

ఈలోగా సెల్లర్ బేరం మొదలుపెట్టాడు. 15 శాతం వాపసు ఇస్తాం, ఇంతటితో వదిలేయండి అన్నాడు. ఒప్పుకోలేదు. 30 శాతం అన్నాడు. దీనికి ఒప్పుకోకండి. 'సరే' అని ఒక్క మెయిల్ పెడితే చాలు, సమస్య పరిష్కారమైపోయిందని దాన్నే బ్యాంకుకు చూపిస్తారు.

అప్పటికి దాదాపు 68 రోజులు గడిచాయి. అప్పుడు గానీ బ్యాంకుకు ఫోన్ చేయలేదు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: వస్తువు ఎప్పటికి ఇస్తామని చెప్పారు, దానికి ఆధారం ఉందా? సైట్ తెరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. '7 నుంచి 10 రోజులు' అన్న చోట ఇప్పుడు '45 నుంచి 60 రోజులు' అని ఉంది. అదృష్టం కొద్దీ ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిల్‌లో పాత మాట ఉంది. అది కూడా లేకపోతే నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఏది కొన్నా డబ్బు కట్టే ముందు ప్రొడక్ట్ పేజీ, డెలివరీ తేదీ, రిఫండ్ నిబంధనలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను.

గడువుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో వస్తువు అందలేదన్న డిస్ప్యూట్‌కు సాధారణంగా 120 రోజులు ఉంటుంది. వస్తువు వస్తుందని చెప్పిన చివరి తేదీ నుంచి ఆ లెక్క. మీ బ్యాంకు ఖాతాదారులకు ఇంకా తక్కువ రోజులే ఇవ్వవచ్చు, కాబట్టి 120 ఉన్నాయి కదా అని కూర్చోకండి. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్‌లో అయితే డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోగా డిస్ప్యూట్ తెరవాలి. తెరిచాక 20 రోజుల్లోగా దాన్ని క్లెయిమ్‌గా మార్చకపోతే, అంటే పేపాల్‌నే తేల్చమని అడగకపోతే, అదే మూసుకుపోతుంది. ఈబే అనే షాపింగ్ సైట్‌లో అయితే, వాళ్లు ఇచ్చిన చివరి డెలివరీ తేదీ తర్వాత 30 రోజులే. సెల్లర్ 'ఇంకో వారం, ఇంకో పది రోజులు' అని నాన్చేది ఈ లెక్కలు బాగా తెలిసే. పుణ్యకాలం కాస్తా గడిచిపోయాక మెయిళ్లకు జవాబులు కూడా ఆగిపోతాయి.

ఇంకో మాట వస్తుంది: 'డిస్ప్యూట్ వెనక్కి తీసుకోండి, లేకపోతే మా అకౌంట్స్ వాళ్లు రిఫండ్ వేయలేకపోతున్నారు.' నాకు మూడుసార్లు వచ్చింది. అది నిజం కాదు. పేపాల్‌లో ఒకసారి మూసిన కేసు మళ్లీ తెరవడానికి ఉండదు. డబ్బు మీ ఖాతాలో కనిపించేదాకా డిస్ప్యూట్ అలాగే ఉండనివ్వండి.

బ్యాంకు ముందు తాత్కాలికంగా డబ్బు జమ చేసింది. నెల తర్వాత సెల్లర్ ఆ 'డెలివర్డ్' పేజీ చూపించి ఎదురు వాదించాడు. నాకు ఎంత టెన్షన్ అయిందో చెప్పలేను, జమ అయిన డబ్బు మళ్లీ వెనక్కి పోవచ్చని అప్పుడే తెలిసింది. కొరియర్ ఇచ్చిన కాగితం, 40 గ్రాముల బరువు, కన్ఫర్మేషన్ మెయిల్ మూడూ పంపాను. పొడవాటి కథ రాయలేదు, తేదీల వారీగా ఒక పేజీ మాత్రమే. చివరికి డబ్బు నాకే ఉంచారు.

కార్డుతో కట్టాను కాబట్టి ఇదంతా సాధ్యమైంది. మా ఆఫీసులో ఒకమ్మాయి ఇలాంటి సైట్‌లోనే, నేరుగా బ్యాంకు ఖాతాకు పంపితే డిస్కౌంట్ ఇస్తామంటే పంపింది. మూడు వారాల తర్వాత బ్యాంకుకు వెళితే, మీరే పంపారు కదా, మేం వెనక్కి లాగలేం అన్నారు. అలాంటప్పుడు మోసమని అనుమానం వచ్చిన గంటలోనే బ్యాంకుకు, పోలీసులకు చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం కొంత ఉంటుంది. రోజులు గడిస్తే ఉండదు. పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద, అంటే సొంతవాళ్లకు పంపినట్టుగా, పంపమని అడిగినా అంతే, దానికి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. అమ్మేవాడు అలా అడిగితే కొనడం మానేయండి.

డబ్బు పోగొట్టుకున్న ఆ అమ్మాయికే తర్వాత ఇంకో ఫోన్ వచ్చింది. మీ డబ్బు రికవరీ చేసి పెడతాం, ముందు ఫీజు కట్టండి, ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోండి అని. నాతో చెప్పింది కాబట్టి ఆగిపోయింది. ఒకసారి మోసపోయినవాళ్ల వివరాలు చేతులు మారుతుంటాయి. రెండో దెబ్బ ఎక్కువగా ఆ బాధలో ఉన్నప్పుడే వస్తుంది.

కొనే ముందు నేను చేయాల్సింది పది నిమిషాల పని. సైట్ డొమైన్, అంటే దాని వెబ్ అడ్రస్, ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూఈజ్ అనే వెతుకులాట సేవలో ఉచితంగా చూడొచ్చు. నేను కొన్న సైట్ వయసు అప్పటికి ఏడు వారాలు. అందులో రివ్యూలేమో రెండేళ్ల నాటివి. ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అదే మిషన్ అదే బల్ల మీద ఇంకో నాలుగు సైట్లలో కనిపించింది. ఇవన్నీ డబ్బు పోయాక చూశాను.

ఆ ప్రకటన మీద రిపోర్ట్ పెట్టాను. సైట్ మూతపడింది. రెండు వారాల క్రితం అవే ఫొటోలతో, అదే కుట్టు మిషన్‌తో, వేరే పేరు మీద కొత్త ప్రకటన అమ్మ ఫోన్‌లో కనిపించింది. అందులోనూ '7 నుంచి 10 రోజుల్లో డెలివరీ' అనే ఉంది.