ఆరేళ్లు వాడిన రా వాటర్ పంపు: నా అనుభవం

మా బోటుది నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. దాని ముందువైపు గేరుతో తిరిగే కంచు పంపు, లోపల నియోప్రీన్ రబ్బరు ఇంపెల్లర్, అంటే రెక్కల చక్రం. ఆరేళ్లలో దాదాపు 1,400 గంటలు నడిచింది. ఎన్నిసార్లు విప్పానో లెక్కలేదు. అందులో సగంసార్లు అనవసరంగానే విప్పాను.

చేసే పని చూస్తే చిన్నదే. ఇంజిన్‌ను చల్లబరచడానికి సముద్రపు నీటిని లాగి, హీట్ ఎక్స్ఛేంజర్ (ఇంజిన్ వేడిని ఆ నీటికి అందించే భాగం) గుండా తోసి, ఎగ్జాస్ట్‌లోకి వదలడం. గుండ్రటి గదిలో ఒకవైపు క్యామ్ ఉబ్బెత్తుగా ఉంటుంది. రబ్బరు రెక్కలు అక్కడ వంగుతూ నీటిని తోస్తాయి, దాటి విచ్చుకుంటూ కొత్త నీటిని లాగుతాయి. ఆ రెక్కలు రాసుకుపోకుండా కాపాడేది కూడా ఆ నీరే. సీకాక్ (సముద్రపు నీరు బోటులోకి వచ్చే వాల్వు) మూసి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కాసేపట్లోనే మాడిపోతాయి. ఆ ఘనకార్యం నేనూ మొదటి ఏడాదే చేశాను. రెండు రెక్కలు ఊడాయి. ఒక ముక్క పంపులోనే దొరికింది, రెండోది కనపడలేదు. కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకున్నాను. అది హీట్ ఎక్స్ఛేంజర్ మూతి దగ్గర ఇరుక్కుని కూర్చుందని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటినుంచి ఊడిన ముక్కలన్నీ బల్లమీద పేర్చి, రెక్క పూర్తిగా కుదిరేదాకా వెతుకుతున్నాను.

అసలు తలనొప్పి మూడో ఏడాది మొదలైంది. నెమ్మదిగా వెళ్తే అంతా బాగానే ఉండేది. 2,200 ఆర్‌పీఎం దాటగానే టెంపరేచర్ ముల్లు పైకి పాకేది. ఎగ్జాస్ట్ చప్పుడు కూడా మారింది. ఎప్పుడూ నీళ్లు కక్కుతున్నట్టు వినిపించేది, బోలుగా, పొడిగా వినిపించసాగింది. దాంతోపాటు ఆవిరి. ఇంపెల్లర్ మార్చాను, థర్మోస్టాట్ మార్చాను. ఏమీ తేడా లేదు. టెన్షన్ తప్ప ఇంకేం మిగల్లేదు.

చివరికి స్ట్రెయినర్ (పంపుకు ముందు నీటిలోని చెత్తను ఆపే జల్లెడ డబ్బా) పారదర్శకపు మూతలోంచి టార్చి వేసి చూశాను. రేస్ పెంచగానే అంచు దగ్గరనుంచి సన్నటి బుడగలు దారంలా లోపలికి వస్తున్నాయి. మూత కింద ఓ-రింగ్ (రబ్బరు వలయం) నొక్కుకుపోయి పలచబడింది, పైగా ఒకచోట ఇసుక రేణువు. మా స్ట్రెయినర్ నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది. పంపు లాగే వైపు కదా, సందు ఉన్నా నీరు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కాబట్టి లీకు లేదనుకున్నాను. ఓ-రింగ్ మార్చిన రోజే ముల్లు మాట వింది. పాపం, పంపును నెలరోజులు తిట్టాను.

ఐదో ఏడాది మాత్రం తప్పు నిజంగా ఇంపెల్లర్‌దే, కానీ చూస్తే తెలియదు. రెక్కలు నిగనిగలాడుతున్నాయి, పగుళ్లు లేవు. అనుమానంతో మధ్యనున్న ఇత్తడి బుష్ మీదనుంచి రబ్బరు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. బిగించి, పది నిమిషాలు లోడులో నడిపి మళ్లీ విప్పితే గీత రెండు ముక్కలై ఉంది, మధ్య వేలెడు దూరం. రబ్బరు ఇత్తడిని వదిలేసింది. షాఫ్ట్ తిరుగుతోంది, రెక్కలు వెనకబడిపోతున్నాయి.

పంపు మూత లోపలివైపు గీతలు పడితే తిప్పి బిగించుకోవచ్చు, అది మంచి సదుపాయం. ఇంపెల్లర్‌కు మామూలు గ్రీజు మాత్రం పూయొద్దు, నియోప్రీన్ ఉబ్బిపోతుంది. నేను గ్లిజరిన్ రాస్తాను. స్క్రూ డ్రైవర్లతో పెకలించడం మానేసి పుల్లర్ తెచ్చుకున్నాక కంచు మీద గాట్లు పడటం ఆగింది.

నా ఫిర్యాదులు రెండు. మూతకున్న ఆరు బుల్లి స్క్రూలు, అందులో కిందివి చేతికందవు. జారితే నేరుగా బిల్జ్‌లోకే, అంటే బోటు అడుగు భాగంలోకే. రెండోది షాఫ్ట్ చుట్టూ నీటిని, ఆయిల్‌ని ఆపే సీళ్లు. నీటి సీల్‌కూ ఆయిల్ సీల్‌కూ మధ్య కిందివైపు చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ చుక్క కారిందంటే సీల్ పోయినట్టే. ఆ రంధ్రాన్ని ఏదో ఒకటి పెట్టి మూసేద్దామని చాలామందికి అనిపిస్తుంది. మూస్తే ఉప్పునీరు ఇంజిన్ ఆయిల్‌లోకి దారి వెతుక్కుంటుంది. నాకు 600 గంటలకే కారింది. కొత్త సీల్ వేసినా నెలలోనే మళ్లీ మొదలు. గోరుతో షాఫ్ట్ తడిమితే తెలిసింది, పాత సీల్ పెదవి ఆనినచోట గాడి పడింది. షాఫ్ట్ మార్చాకే ఆగింది. ఇంత ఖరీదైన పంపుకు ఆ షాఫ్ట్ ఇంకాస్త గట్టిదిగా ఇచ్చి ఉండాల్సింది.

అయినా మళ్లీ కొనాల్సివస్తే ఇదే కొంటాను, చేత్తో తిప్పే స్క్రూల మూత ఉన్న మోడల్ చూసుకుని. ఆ రంధ్రం కింద ఇప్పుడొక తెల్ల కాగితం పరిచి ఉంచాను. నిన్నటికి పొడిగానే ఉంది.