రోమన్ల అడవులు: దేవుడి తోపు మేలా, కొట్టుడు తోట మేలా?

ప్రాచీన రోమ్‌లో చెట్లను నిలబెట్టింది భక్తా, రాబడా? రోమన్ల సేద్యం మాట వచ్చినప్పుడల్లా నన్ను ఇదే అడుగుతున్నారు. అంటే పోటీ లూకుస్ అనే దేవుడి తోపుకీ, సిల్వా కైదువా అనే కొట్టుడు తోటకీ.

కొట్టుడు తోటను చులకన చేయలేం. చెస్ట్‌నట్ చెట్టును మొదలు దగ్గర నరికితే మోడు నుంచి పిలకలు లేస్తాయి, ఐదేళ్లకు మళ్లీ కోతకొస్తాయి అని సేద్యం మీద పుస్తకం రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా లెక్క. ద్రాక్షతీగలకు ఊతగా పాతే గుంజలు అందులోంచే వచ్చేవి. సేద్యం మీదే రాసిన మరో రోమన్ కేటో వేసిన మేలైన భూముల వరుసలో ద్రాక్షతోటది 1వ స్థానం, కొట్టుడు తోటది 7. పందులు మేసే ఓక్ కాయల అడవి 9వది, ఆఖరుది. దాన్ని ఈ పోటీలోకి తేనక్కర్లేదు.

కొట్టుడు తోటలో మోడు వందల ఏళ్లు బతకొచ్చు. కానీ ఐదేళ్లకోసారి గొడ్డలి పడే చోట మాను ముదరదు, తొర్ర పడదు. నాకు అదే పెద్ద లోటు.

మరి తోపులో గొడ్డలి పడలేదా? పడింది. పందిని బలిచ్చి, ‘దేవుడివైనా దేవతవైనా’ అని మొక్కి చెట్లను పలచన చేసుకోవచ్చని కేటోయే చెప్పాడు. పందితో పని జరిగిపోతే ఇక రక్షణేముంది అన్నది న్యాయమైన అభ్యంతరమే. అయినా నేను తోపు వైపే ఉంటాను. కారణం ఇటలీలోని స్పొలేటో ఊరి దగ్గర దొరికిన, క్రీ.పూ. 3వ శతాబ్దానిదిగా చెప్పే శాసనం. తోపుకు చెందినది దేన్నీ బండి మీద గానీ, మోసుకుని గానీ బయటికి తీసుకెళ్లకూడదు. ఏటా పూజ జరిగే రోజున, ఆ పూజ కోసం తప్ప నరకకూడదు. తెలియక తప్పితే జూపిటర్‌కు ఒక ఎద్దు. తెలిసీ దురుద్దేశంతో చేస్తే ఎద్దుతో పాటు 300 ఆస్‌ల (రోమన్ నాణేల) జరిమానా. నాకు ముఖ్యమనిపించేది గొడ్డలి మీది ఆంక్ష కన్నా బండి మీదిది. కలప బయటికి పోకూడదంటే నరికినా లాభం లేదు. కొలుమెల్లా లెక్కకు అక్కడ చోటే లేదు.

రోమ్ శివార్లలో దియా దేవత తోపును చూసుకున్న అర్వల్ పూజారులైతే, శాసనం చెక్కడానికి ఇనుప పనిముట్టు లోపలికి తెచ్చినా ప్రాయశ్చిత్తం చేసేవారు, బయటికి తీసుకెళ్లినా చేసేవారు. క్రీ.శ. 183లో గుడి కప్పు మీద అత్తి మొక్క మొలిచింది. దాన్ని తీయడానికి మిగతా దేవతలతో పాటు దెఫెరుందా, కొమ్మొలెందా, అదొలెందాలకు కూడా బలులిచ్చారు. కిందికి దించడానికి ఒకరు, ముక్కలు చేయడానికి ఒకరు, కాల్చడానికి ఒకరు.