తలకోన నుంచి తిరుమల దాకా: గాలివానలో ఏ చోటు నమ్మవచ్చు, ఏది నమ్మకూడదు

తలకోన దారిలో ఒక ప్రైవేటు కాటేజీ వాళ్లు రాత్రికి 2,800 రూపాయలు తీసుకుని మమ్మల్ని రేకుల కింద పడుకోబెట్టారు. ఫొటోల్లో చూపించింది ముందు వరండా, పూలకుండీలు. చూపించనివి వెనక పదడుగుల దూరంలో పారే వంక, గది నెత్తి మీదికి ఒరిగిన చింతచెట్టు. ముందు రోజే వాతావరణ శాఖ తిరుపతి జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చింది. తేదీ మార్చమంటే "అడ్వాన్సు వెనక్కి రాదు, తేదీ మారదు" అని ఫోన్ పెట్టేశారు. వాచ్‌మన్ మాత్రం మంచివాడు. "ఏం కాదు సార్, ఇట్లాంటి గాలులు శానా చూసినాం" అని టార్చిలైటు ఇచ్చిపోయాడు. రాత్రి పదకొండింటికి రెండు రేకులు లేచిపోయాయి. కారును చెట్టుకు దూరంగా జరిపి, తెల్లవార్లూ ఐదుగురం అందులోనే కూర్చున్నాం. మా పెద్దత్త మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రేకులు ఎందుకు లేచాయో పొద్దున చూస్తే తెలిసిపోయింది. రేకును కింది ఇనుప గొట్టానికి బిగించే జే బోల్టులు అంచు వరసలో దగ్గర దగ్గరగా ఉండాలి. అక్కడ ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి. ఉన్నవాటికి కూడా రబ్బరు వాషర్లు ఎండకు చీలిపోయి, బోల్టు చుట్టూ కంత వేలు దూరేంత పెద్దదైంది. గాలి మొదట పట్టేది అంచునే, అందులోనూ వరండా ముందుకు పొడుచుకొచ్చిన చోట. కింద నుంచి నెట్టుడు, పైన వేగంగా పోయే గాలి లాగుడు, రెండూ ఒకేసారి పనిచేస్తాయి. ఒక మూల ఊడితే మిగతాది నిమిషాల్లో లేస్తుంది. ఇనుప రేకు ఎగిరి మనిషికి తగిలితే కత్తే. సిమెంటు రేకు కొమ్మ పడితే పగిలి మంచం మీదికి వస్తుంది. ఇటుకలో రాళ్లో పేర్చి బరువు పెట్టిన రేకులైతే ఇంకా ప్రమాదం, గాలికి ముందు ఆ బరువే కింద పడుతుంది.

అందుకని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఇటువైపు గది తీసుకునేవాళ్లు ఏసీ ఉందా అని అడిగే ముందు రేకులు కాక స్లాబు వేసిన మిద్దె గదేనా అని అడగండి. వంక గట్టుకు గది ఎంత ఎత్తులో ఉందో, గది మీదికి చెట్టు ఒరిగి ఉందేమో, రోడ్డు మీద నీళ్లు పారితే బయటపడటానికి రెండో దారి ఉందో లేదో అడగండి. వెనకవైపు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. పెట్టనంటే ఆ గది వద్దు. హెచ్చరిక వస్తే తేదీ మారుస్తామని మెసేజ్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపండి. రెడ్ హెచ్చరిక ఉన్న రోజున కూడా అడ్వాన్సు మింగేసేవాళ్లకు కొండ పక్కన వ్యాపారం చేసే అర్హత లేదని నా గట్టి అభిప్రాయం.

ఈ ప్రాంతంలో గాలివానలు రెండు రకాలు. వాటికి వేరువేరుగా సిద్ధపడాలి. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాసిన ఎండకు సాయంత్రం మూడు నుంచి ఏడు మధ్య మోడం కమ్మి వచ్చేది మొదటిది. ముందు పడమటి దిక్కున మబ్బు నల్లగా గోడ కట్టినట్టు లేస్తుంది. వేడిగాలి ఉన్నట్టుండి చల్లబడుతుంది, తడిమట్టి వాసన వస్తుంది, దుమ్ము లేస్తుంది. ఆ చల్లగాలి తగిలాక గట్టి గాలి రావడానికి పట్టేది నిమిషాలే. అరగంటో గంటో కొడుతుంది, మామిడి తోటల్లో కాయ రాలగొడుతుంది, ఒక్కోసారి వడగండ్లు పడతాయి, పోతుంది. ఇందులో చంపేవి పిడుగు, చెట్టు, హోర్డింగు. రెండోది బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు రెండు మూడు రోజులు విడవకుండా పడే వాన. తిరుపతికి ఏడాదిలో ఎక్కువ వాన కురిసేది నవంబరులోనే. ఇందులో ప్రాణం తీసేవి వంకలు, జారిపడే బండలు.

తలకోన జలపాతం 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకంటే ఎత్తయినది లేదు. చూడవలసిన చోటే, కానీ పొద్దున వెళ్లి మధ్యాహ్నం రెండు లోపల కిందికి వచ్చేయాలి. నీళ్లు పడే గుండంలో నిలబడితే పైన శేషాచలం అడవిలో వాన పడుతున్నదో లేదో కనపడదు. తల మీద ఎండ కాస్తూ ఉండగానే పైనుంచి నీళ్లు వచ్చేస్తాయి. చూడాల్సింది ఆకాశం కాదు, నీళ్లు. తేటగా ఉన్న నీరు టీ రంగుకు తిరిగినా, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు బరువెక్కినా మారుమాట లేకుండా లేవాలి. బట్టలు, చెప్పులు, సెల్ఫీ స్టిక్కు అన్నీ వదిలేసి పక్క గట్టు ఎక్కాలి. వంక వెంబడి కిందికి పరుగెత్తకూడదు, నీళ్లు మనకంటే వేగంగా వస్తాయి. అవతలి గట్టున చిక్కుకుంటే అక్కడే ఎత్తులో కూర్చోవాలి. వాన నిలిచాక కొండవంక కొన్ని గంటల్లో తీస్తుంది. లోపల ఫోన్ సిగ్నల్ నమ్ముకోదగ్గది కాదు కాబట్టి ఎన్నింటికి వస్తామో బయట ఎవరికైనా చెప్పి వెళ్లాలి. ఒక విజిల్ మెడలో ఉంటే మంచిది, జలపాతం హోరులో మనిషి కేక వినపడదు.

నాగలాపురం కొండలు, వరదయ్యపాళెం వైపు ఉబ్బలమడుగు ఇంకా ఇరుకు. అక్కడ నడక చాలాచోట్ల వంకలోనే, బండల మీదనే సాగుతుంది. వాయుగుండం అన్న మాట వినపడితే ఆ రెండూ మానుకోండి, చెన్నై నుంచి ఎంత పెద్ద గుంపు వస్తున్నా సరే.

ఈ ప్రయాణంలో మనసుకు హాయి కలిగించింది నెరబైలు, భాకరాపేట మధ్య ఒక చిన్న మెస్. రాత్రంతా తడిసి వెళితే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరిబిండి పెట్టారు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, అది కరిగేదాకా ఆగి తినమన్నారు. ఐదుగురికి 940 రూపాయలు. పెద్దత్త నోరు విప్పింది అక్కడే. తిన్నాక బయలుదేరబోతే ఆ హోటలమ్మ పోనివ్వలేదు. "ముందర వంక పారతా ఉంది నాయనా. మోకాటిబంటే కదా అనుకోబాకండి, కింద రోడ్డు ఉందో కోసకపోయిందో ఎవురికి తెలుసు?" అంది. గంటన్నర కూర్చున్నాం. రెండోసారి టీకి డబ్బు తీసుకోలేదు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పారే నీళ్లు అరడుగు ఉంటే మనిషి కాలు నిలవదు. అడుగు లోతుకు చిన్న కారు తేలడం మొదలవుతుంది. రెండడుగులైతే జీపులాంటి బండ్లు కూడా కొట్టుకుపోతాయి. కారు బరువు గట్టిగా నిలబెడుతుందని అనుకుంటారు, కానీ చక్రాల కింద పట్టు పోగానే అది తేలే డబ్బాతో సమానం. పక్కన చెరువు నిండి మొరవ (అలుగు) పోతున్నదని ఊళ్లోవాళ్లు చెబితే, రోడ్డు మీద నీళ్లు తగ్గినట్టు కనపడినా మళ్లీ పెరగవచ్చని అర్థం.

తిరుపతి ఊళ్లో కూడా ఇదే లెక్క. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన వాననీళ్లలో బండి మునిగి, దర్శనానికి వచ్చిన కర్ణాటక కుటుంబంలోని కొత్త పెళ్లికూతురు చనిపోయింది. రాత్రి వానలో అండర్ బ్రిడ్జిలోకి ఎవరు దిగమన్నా దిగవద్దు, ఫోన్‌లో మ్యాప్ చూపించినా సరే. చుట్టుతిరిగి పోతే పోయేది పావుగంట. కపిలతీర్థం జలపాతం వానల్లో చూడటానికి ఎంత బాగుంటుందో, కోనేటిలో దిగడానికి అంత చెడ్డది. సిబ్బంది ఆపితే వాదించకండి.

తిరుమల నడకదారుల్లో వానకాలానికి నా ఓటు అలిపిరికే. 3,550 మెట్లు, దూరం ఎక్కువ, కానీ దారిలో చాలాభాగం పైకప్పు ఉంది, కూర్చోవడానికి చోట్లు, మరుగుదొడ్లు, టీ అంగళ్లు ఉన్నాయి, గాలిగోపురం దగ్గర ఆగి వాన చూసుకుని కదలవచ్చు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే, పెందలాడే అయిపోతుంది, మామూలు రోజుల్లో అదే హాయి. కానీ నిటారుగా లోయ పక్కన ఎక్కుతుంది. 2021 నవంబరు వానలకు ఆ దారి బాగా దెబ్బతిని, బాగుచేసి మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. భారీ వాన సూచన ఉంటే దేవస్థానం వాళ్లు ఆ దారి మూస్తారు. గేటు దగ్గర నిలబడి సిబ్బందిని తిట్టేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది, వాళ్లు చేసేది సరైన పని. మూశారో లేదో ఆ మెట్లు మొదలయ్యే శ్రీనివాసమంగాపురం వైపు దాకా వెళ్లి తెలుసుకోవడం ఎందుకు, బయలుదేరే ముందు దేవస్థానం కాల్ సెంటర్ 155257కు ఫోన్ చేస్తే సరిపోతుంది. మెట్ల మీద గొడుగు పనికిరాదు. గాలికి తిరగబడుతుంది, పైగా ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీద ఉండాలి. 150 రూపాయల పాంచో చాలు. మొక్కుకు ఉత్తకాళ్లతో ఎక్కేవాళ్లు పాచి పట్టిన అంచులు వదిలి మెట్టు మధ్యలో అడుగేయాలి.

ఘాట్ రోడ్డులో వాన నిలిచింది కదా అని తొందరపడకూడదు. 2021 డిసెంబరు 1న పైకి వెళ్లే ఘాట్‌లో పెద్ద బండలు విరిగిపడి రోడ్డు దెబ్బతింది, అసలు కుంభవృష్టి పడింది నవంబరు 18, 19 తేదీల్లో. నీళ్లు బండల సందుల్లోకి దిగి మట్టిని నానబెడతాయి, పట్టు వదలడం తర్వాత జరుగుతుంది. అలాంటి రోజుల్లో సొంత కారు అలిపిరిలో పెట్టి ఆర్టీసీ బస్సు ఎక్కండి, డ్రైవర్లకు ప్రతి మలుపూ తెలుసు. సొంత బండే అయితే కొండ వైపు ఆపి ఫొటోలు తీయడం వద్దు. రోడ్డు మీద చిన్నరాళ్లు, తాజా ఎర్రమట్టి కనపడితే పైన కదలిక మొదలైనట్టు, అక్కడ ఆగకుండా దాటాలి. కిందికి వచ్చాక ఆటోవాళ్ల సంగతి వేరే చెప్పాలి. అలిపిరి నుంచి బస్టాండుకు మామూలుగా 150 ఇచ్చేదానికి ఆ సాయంత్రం 600 అడిగారు. తడిసిన ముసలివాళ్లను చూసి రేటు పెంచడం అన్యాయం. పావుగంట ఆగితే బస్సు వచ్చింది.

హార్సిలీ హిల్స్ సంగతి వేరు, అక్కడ భయం పిడుగుది. 1,265 మీటర్ల ఎత్తు, గాలిబండ మీద నిలబడితే చుట్టుపక్కల మనమే ఎత్తు. వేసవి సాయంత్రం అందరూ సూర్యాస్తమయానికి అక్కడికే చేరతారు, గాలివాన వచ్చేదీ అప్పుడే. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపు వినపడిందంటే పిడుగు మనదాకా వచ్చే దూరంలో ఉంది, బండ దిగాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు. జామాయిల్ చెట్ల కింద నిలబడవద్దు, పిడుగుకే కాదు, గాలికి వాటి కొమ్మలు విరుగుతాయి. నాలుగువైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు వానకు పనికొస్తుంది కానీ పిడుగుకు కాదు. ఇనుప పైకప్పు ఉన్న కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే భద్రం. ఆటో, బైకు భద్రం కాదు. ఏ దిక్కూ లేకపోతే గుంపుగా కాక ఎడం ఎడంగా, కాళ్లు దగ్గర పెట్టి గొంతుకూర్చోవాలి, పడుకోకూడదు.

వీడియోలు చూసి ఇక్కడ టోర్నడో వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. వేసవిలో చిత్తూరు పొలాల్లో దుమ్ము తిప్పుకుంటూ పోయే సుడిగాలి అది కాదు. ఆ సుడిగాలి ఎండకు కాగిన నేల మీద పుడుతుంది, పైన మబ్బు కూడా అక్కర్లేదు. టోర్నడో ఉరుముల మబ్బు అడుగు నుంచి తొండంలా నేలకు దిగుతుంది. మన దేశంలో అరుదు, అమెరికాలో మాత్రం ఏటా వెయ్యికి పైగా వస్తాయి. పిల్లల దగ్గరికి డాలస్ వెళ్లే తిరుపతి తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి: అక్కడ ఫోన్‌లో 'వాచ్' అని వస్తే వచ్చే అవకాశం ఉందని, 'వార్నింగ్' అని వస్తే కంటికో రాడార్‌కో కనపడిందని. అప్పుడు కిటికీలు లేని లోపలి గదిలోకి, కింది అంతస్తుకు పోవాలి. రోడ్డు మీద ఉంటే వంతెన కింద ఆగకూడదు, గాలి అక్కడ ఇంకా ఇరుకై బలంగా దూరుతుంది. దగ్గర్లో గట్టి కట్టడం లేకపోతే పల్లంలో బోర్లా పడుకుని తల కప్పుకోమంటారు. ఆ సలహా మన వంకల దగ్గర పాటించకండి, ఇక్కడ పల్లమంటే నీళ్లు వచ్చే దారి.

ఫోన్‌లో రెండు యాప్‌లు ఉంటే చాలు. దామినిలో పిడుగులు మనకు ఎంత దూరంలో పడుతున్నాయో కనపడుతుంది, మౌసమ్‌లో జిల్లాల వారీ హెచ్చరిక ఉంటుంది. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు పైన, అతి భారీ అంటే 115.6 నుంచి, అత్యంత భారీ అంటే 204.4 దాటి. పసుపు రంగు ఉంటే తలకోన పొద్దున చూసుకుని రావచ్చు. ఆరెంజ్ ఉంటే అలిపిరి మెట్లు, ఊళ్లో గుడులు, అంతే. రెడ్ ఉంటే గదిలోంచి కదలవద్దు, దర్శనం టికెట్ పోయినా సరే. చిక్కుకుపోతే 112 కానీ 1070 కానీ. ఫోన్, పవర్‌బ్యాంక్, ఒక జత పొడి బట్టలు జిప్ కవర్లో వేసి, దాన్ని మళ్లీ పాలిథిన్ సంచిలో కట్టండి. రెయిన్‌కవర్ వేసిన బ్యాగు కూడా వీపు వైపు నుంచి తడుస్తుంది.