చిన్నబజారు మేడమీద హ్యారీ డీన్ స్టాంటన్ అర

నెల్లూరు చిన్నబజారులో ఒక పాత మేడమీద, ఇరుకు మెట్లెక్కి వెళితే వచ్చే డిస్కుల దుకాణం గురించి మూడు నెలలుగా రాయాలనుకుంటున్నాను. ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన ఈ దుకాణంలో ఇప్పుడు ఒరిజినల్ డీవీడీలు, బ్లూరేలు మాత్రమే ఉంటాయి. కొత్త సినిమాల కోసం వెళ్ళేవారికి ఇక్కడ పని లేదు. అయితే నటన మీద ఆసక్తి ఉన్నవారు కోవూరు నుంచి గానీ కావలి నుంచి గానీ బస్సెక్కి రావడానికి తగిన కారణం ఒకటుంది. లోపలి గదిలో గోడ పొడవునా ఉన్న అరల మీద హీరోల పేర్లు కాక, క్యారెక్టర్ ఆర్టిస్టుల పేర్లు రాసి అంటించారు.

మొదటి రెండు అరలు మనవాళ్ళవే. నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి సినిమాల్లోకి వెళ్ళిన రమణారెడ్డి గారికి ఒకటి, కావలిలో పుట్టిన రాజనాల గారికి ఒకటి కేటాయించారు. వాటి పక్కనే, ఏ మార్పూ లేకుండా అదే అట్టముక్క మీద అదే చేతిరాతతో, హాలీవుడ్ నటుడు హ్యారీ డీన్ స్టాంటన్ పేరు ఉంటుంది. యజమానిని కారణమడిగితే, "హీరో సినిమాకి మీరే వస్తారు సార్. ఈయన్ని మాత్రం నేను పిలిచి చూపించాల" అన్నారు. ఆ అరలో ఉన్న 14 సినిమాలనూ శనివారానికొకటి చొప్పున, విడుదలైన సంవత్సరాల వరసలోనే తీసుకెళ్ళి చూశాను. ఈ సమీక్ష ఆ 14 శనివారాల గురించే.

ముందు వసతుల సంగతి చెబుతాను. డిపాజిట్టు 1000 రూపాయలు, డిస్కుకు మూడు రోజుల అద్దె 40 రూపాయలు. వీటిలో చాలా డిస్కులు అమెరికా నుంచి తెప్పించినవి. అక్కడి డీవీడీల మీద ఉండే రీజియన్ కోడ్ 1, మన దేశానిది 5 కాబట్టి మన ఇళ్ళల్లోని మామూలు ప్లేయర్లు వాటిని తిప్పవు. ఆ చిక్కు తెలిసిన యజమాని అన్ని రీజియన్లూ తీసుకునే ప్లేయర్లు రెండు ఉంచి, వారానికి 100 రూపాయల అద్దెకిస్తున్నారు. వైరు తగిలించడం తెలియని పెద్దవారికి తానే విప్పి చూపిస్తారు. ఇంత శ్రద్ధ ఉన్న దుకాణం నాకు ఈ చుట్టుపక్కల మరొకటి తారసపడలేదు.

ఇక అర విషయం. స్టాంటన్ 1926 జూలై 14న కెంటకీ రాష్ట్రంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి, ట్యాంకులను, సైనికులను ఒడ్డుకు చేర్చే ఓడ మీద వంటవాడిగా పనిచేశారు. జపాన్‌లోని ఒకినావా యుద్ధ సమయంలో ఆ ఓడ అక్కడే ఉంది. తర్వాత చదువు పూర్తికాకుండానే కాలిఫోర్నియాలోని పసడీనా ప్లేహౌస్‌లో నటన నేర్చుకుని, 1950ల నుంచి గన్‌స్మోక్ వంటి కౌబాయ్ ధారావాహికల్లో ఒక్కో ఎపిసోడులో దొంగగానో, దారినపోయే మనిషిగానో కనిపిస్తూ పని నేర్చుకున్నారు. మరణించింది 2017 సెప్టెంబరు 15న, 91 ఏళ్ళ వయసులో. ఆరు దశాబ్దాలకు పైగా సాగిన ఆ నట జీవితంలో సినిమాలే దాదాపు వంద ఉన్నాయి. ఆస్కార్ నామినేషన్ ఒక్కసారి కూడా రాలేదు.

వరసలో చూడటం వల్ల కలిగిన లాభం మూడో వారానికే తెలిసింది. 1967 నాటి 'కూల్ హ్యాండ్ ల్యూక్'లో ఆయన ఖైదీల గుంపులో ఒకడు. గిటారు పట్టుకుని పాడే సన్నివేశం తప్ప ప్రత్యేకించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1974 నాటి 'గాడ్‌ఫాదర్' రెండో భాగంలో ఎఫ్.బి.ఐ. మనిషిగా వచ్చి వెళ్ళిపోతారు. ఇక 1978 నాటి 'స్ట్రెయిట్ టైమ్'కు వచ్చేసరికి, ఇంటి పెరట్లో మాంసం కాలుస్తూ, భార్యతో సుఖంగా కాపురం చేసుకుంటున్న మాజీ దొంగగా కనిపిస్తారు. పాత స్నేహితుడు వచ్చి కూర్చుంటాడు. భార్య లోపలికి వెళ్ళేదాకా మంచి గృహస్థులా కబుర్లు చెబుతూ, ఆమె అటు తిరగ్గానే తనను ఇక్కడి నుంచి బయటపడేయమని బతిమాలతారు. గొంతు పెంచరు, ముఖ కవళిక కూడా పెద్దగా మారదు. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా మనం చూసిన ఇల్లు, పెరడు, కాపురం అన్నీ జైలుగా మారిపోతాయి. ముందు రెండు సినిమాలూ చూడకుండా దీన్నే చూసి ఉంటే ఇది రచయిత గొప్పతనమని అనుకునేవాణ్ణి. చూశాను కాబట్టి, మాట్లాడకుండా నిలబడటం అన్న విద్యను ఆ మనిషి ఇరవై ఏళ్ళుగా సాధన చేస్తూ వచ్చాడని అర్థమైంది.

మరుసటి ఏడాది వచ్చిన 'ఏలియన్'లో ఆయన అంతరిక్ష నౌకలో మెకానిక్కు. పై అధికారులు ఏమన్నా 'రైట్' అనడం తప్ప ఎక్కువ మాటలు లేని పాత్ర. పిల్లిని వెతుక్కుంటూ గొలుసులు వేలాడే గదిలోకి వెళ్ళినప్పుడు, పైనుంచి నీటి చుక్కలు పడుతుంటే టోపీ తీసి, తలెత్తి, ఆ నీటిని ముఖం మీద పడనిస్తారు. ఎండన పడి పనిచేసి వచ్చిన కూలి మనిషి బోరింగు కింద తల పెట్టినట్టుంటుంది. తర్వాతి క్షణంలో అతనికేం జరుగుతుందో ప్రేక్షకులు ఊహించగలరు. ఆ మనిషి మాత్రం ఆ చల్లదనాన్ని పూర్తిగా అనుభవిస్తాడు. భయంగొలిపే ఆ సినిమాలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన ఘట్టం ఇదే.

1984 నాటి 'పారిస్, టెక్సస్' డిస్కును మాత్రం రెండుసార్లు అద్దెకు తీసుకున్నాను. విమ్ వెండర్స్ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రం ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్నప్పుడు స్టాంటన్ వయసు 57. అంతకాలం పక్కన నిలబడిన మనిషికి అప్పుడు దక్కిన ప్రధాన పాత్ర అది. ఎర్ర టోపీ పెట్టుకుని ఎడారిలో నడుస్తూ వచ్చే ఆ మనిషి చాలాసేపు ఒక్క మాటా మాట్లాడడు. చివర్లో, తాను విడిచిపోయిన భార్యతో, ఒకవైపు నుంచే అవతలివారు కనిపించే అద్దానికి ఇవతల కూర్చుని, ఫోనులో, ఎవరో ఇద్దరు మనుషుల కథలాగా తమ కాపురం చెడిన తీరు చెబుతాడు. ఆమెకు అతను కనిపించడు. అతను ఆమెకేసి చూడలేక కుర్చీని అటు తిప్పుకుని కూర్చుంటాడు. ఇంత పొడవైన సంభాషణను ఒక్క చోట కూడా ఏడవకుండా, జ్ఞాపకం చేసుకుంటున్న మనిషి వేగంతోనే నడిపించడం నాకు తెలిసిన నటుల్లో బహు కొద్దిమందికే సాధ్యం. నేను తీసుకున్నది బ్లూరే. నియాన్ దీపాల ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఇంట్లో తెర మీద ఇంత స్పష్టంగా కనిపించడం ఈ దుకాణం చేసిన మేలు.

లోపాలు కూడా చెప్పాలి. 'కూల్ హ్యాండ్ ల్యూక్' డిస్కు గీతలుపడి సరిగ్గా పాట మధ్యలోనే ఆగిపోయింది. అద్దె తీసుకోలేదు గానీ ఇంకో ప్రతి తెప్పించనూ లేదు. టెలివిజన్ భాగం చాలా పలుచన. గన్‌స్మోక్ ఒక్క సంపుటి, 2006లో మొదలైన 'బిగ్ లవ్' మొదటి సీజను మాత్రమే ఉన్నాయి. తనను తాను ప్రవక్తగా చెప్పుకునే, బహుభార్యలున్న క్రూరుడైన పెద్దాయనగా స్టాంటన్ ఆ ధారావాహికలో ఎన్నో ఏళ్ళు నటించారు. అంతకుముందున్న దీనుల పాత్రలకు పూర్తిగా విరుద్ధమైన ఆ పాత్ర ఎలా పెరిగిందో ఒక్క సీజనుతో అందదు. టెలివిజన్‌లోనే ఓనమాలు దిద్దిన నటుడి అరలో ఇది చిన్న లోటు కాదు.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. ప్రతి డిస్కు పెట్టెలోనూ యజమాని ఒక చీటీ పెడతారు. స్టాంటన్ ఎన్నో నిమిషంలో కనిపిస్తారో అందులో తెలుగులో రాసి ఉంటుంది. తీరికలేని వారికి ఉపకారమని ఆయన ఉద్దేశం. 1999 నాటి 'ది స్ట్రెయిట్ స్టోరీ' విషయంలో ఆ చీటీ అపకారమే చేస్తుంది. గడ్డి కోసే యంత్రం మీద కూర్చుని, ఏళ్ళుగా మాటల్లేని సోదరుణ్ణి చూడటానికి అయోవా నుంచి విస్కాన్సిన్ దాకా వెళ్ళే ముసలాయన కథ అది. ఆ సోదరుడు స్టాంటన్. కనిపించేది చివరి కొన్ని నిమిషాలే. నడక ఊతం పట్టుకుని బయటికి వచ్చి, తనకోసం వచ్చిన సోదరుణ్ణి చూసి, ఆ యంత్రాన్ని చూసి, దాని మీదే ఇంత దూరం వచ్చావా అని అడుగుతారు. కళ్ళల్లో నీళ్ళు నిలుస్తాయి. చీటీ చూసుకుని నేరుగా అక్కడికి వెళ్ళినవారికి ఒక ముసలాయన ఇంకో ముసలాయనను పలకరించినట్టే ఉంటుంది. రెండు గంటలపాటు ఆ యంత్రం వెంట నడిచినవారికే ఆ చూపు బరువు తెలుస్తుంది. ఈ మాట యజమానితో చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఆ ఒక్క పెట్టెలోంచి చీటీ తీసేశారు. మిగిలినవాటిలోనూ తీసేయమని ఇక్కడ మళ్ళీ కోరుతున్నాను.

అరలో చివరిది 'లక్కీ'. స్టాంటన్ పోయిన రెండు వారాలకు అమెరికా థియేటర్లలోకి వచ్చిన ఈ చిత్రంలో ఆయన తొంభై ఏళ్ళ ఒంటరి మనిషి, యుద్ధంలో నౌకాదళపు వంటవాడు. పుట్టినరోజు విందులో ఉన్నట్టుండి స్పానిష్ పాట ఎత్తుకుంటారు. దానికి ముందు 1967 నాటి 'కూల్ హ్యాండ్ ల్యూక్' పాట విని ఉంటే రెండింటి మధ్య యాభై ఏళ్ళు గడిచాయని గుర్తొస్తుంది. ఆ గీతల డిస్కు మార్చమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

స్టాంటన్ గానీ ఎం. ఎమ్మెట్ వాల్ష్ గానీ సహాయ పాత్రలో ఉన్న ఏ సినిమా పూర్తిగా చెడ్డది కాజాలదని విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఒక సూత్రం చెప్పారు. 'స్ట్రెయిట్ టైమ్'లో పెరోల్ అధికారిగా నటించింది ఆ వాల్షే. ఆయన అర స్టాంటన్ అరకు కిందనే ఉంది, అందులో తొమ్మిది డిస్కులున్నాయి. వచ్చే శనివారం నుంచి ఒక్కొక్కటీ నాకోసం పక్కన పెట్టమని, చీటీలు వద్దని యజమానికి చెప్పి డిపాజిట్టు ఆయన దగ్గరే ఉంచి వచ్చాను.