వరి మడిలోని సూక్ష్మజీవులకు ఏది మేలు: యూరియా ఒక్కటేనా, జీలుగ పచ్చిరొట్ట పైరును దున్ని తగ్గించిన యూరియానా?

మిర్యాలగూడ, హాలియా, త్రిపురారం వైపు సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం, యాసంగి రెండూ వరే కావడంతో మడులు చాలాకాలం నీటి కిందే ఉంటాయి. అలాంటి మడిలో పైన కొన్ని మిల్లీమీటర్ల మట్టికి మాత్రమే ఆక్సిజన్ అందుతుంది. ఆ కింద ఉన్నదంతా గాలి సోకని బురదే. ఈ రెండు పొరల్లో బతికే జీవులు వేరు, అవి చేసే పనులూ వేరు.

యూరియా దానంతట అది విషం కాదు. 45 కిలోల బస్తాలో ఉండే సుమారు 20.7 కిలోల నత్రజనిని వరికి అందే అమ్మోనియంగా మార్చేది ప్రధానంగా నేలలోని సూక్ష్మజీవుల ఎంజైమే. చిక్కంతా మోతాదులోనూ, చల్లే తీరులోనూ ఉంది. నిండు నీటిలో చల్లితే, పగటి ఎండలో నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకుని క్షారగుణాన్ని పెంచుతుంది కాబట్టి, అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. పై పొరలో నైట్రేటుగా మారినది కిందికి దిగితే, అక్కడి బాక్టీరియా దానిని తిరిగి నత్రజని వాయువుగా వదిలేస్తాయి. పైగా నత్రజని పుష్కలంగా దొరికినప్పుడు, గాలి నుంచి దానిని ఉచితంగా పట్టి ఇచ్చే నీలి ఆకుపచ్చ నాచు ఆ పని మానుకుంటుంది. అందుకే నీరు తీసి, బురద పదును మీద యూరియా చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత నీరు పెట్టమని చెబుతారు.

జీలుగ సంగతి వేరు. పూత దశకు వచ్చిన మొక్కను మట్టితో సహా పెకలించి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి: లోపల గులాబీ రంగు కనిపిస్తే గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే రైజోబియం బాక్టీరియా పని చేస్తున్నట్టే, తెల్లగా ఉంటే పని ఇంకా మొదలుకానట్టు. పచ్చిరొట్ట కలియదున్నితే నత్రజనితో పాటు సూక్ష్మజీవులకు తిండి అయిన కర్బనం కూడా నేలకు చేరుతుంది. మన చల్క నేలల్లో అసలు కొరత దానిదే. యూరియాలో నాలుగో వంతు తగ్గించుకోవచ్చు కూడా. అయితే పచ్చి ఆకు నీటి కింద కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పెరుగుతుందన్నది నిజమే. మడిని మధ్యమధ్యలో ఆరబెడితే అది చాలావరకు తగ్గుతుంది. కాలువ నీరు ఆలస్యమయ్యే ఏడాదుల్లో తొలకరికే జీలుగ చల్లుకునేందుకు సమయం దొరుకుతుంది.

నా దృష్టిలో ఎరువు కంటే ఎక్కువ నష్టం చేస్తున్న అలవాటు, పురుగు ఉందో లేదో చూడకుండానే యూరియాలో పురుగుమందు గుళికలు కలిపి చల్లడం. అది పురుగుతో పాటు నీటిలోని చిన్న జీవులనూ దెబ్బతీస్తుంది. అదే మందు పదే పదే వేసిన నేలలో దానినే తిండిగా మార్చుకునే బాక్టీరియా పెరిగి, మందు పనిచేయాల్సినన్ని రోజులు నిలవదు. డయాజినాన్ అనే పురుగుమందు వాడిన ఫిలిప్పీన్స్ వరి మడి నుంచి అలాంటి ఫ్లావోబాక్టీరియం అనే బాక్టీరియాను వేరు చేసినట్టు 1973లోనే ప్రకటించారు. కార్బోఫ్యూరాన్ అనే మరో పురుగుమందు విషయంలోనూ ఇదే జరిగింది.

కాబట్టి జీలుగతో తగ్గించిన యూరియాయే మేలు. బోరు కింద జీలుగకు నీరు చాలని రైతు గడ్డి కాల్చకుండా దున్ని, పశువుల ఎరువు వేసుకోవాలి. గుళికలను మాత్రం చదరపు మీటరుకు ఒక కాండం తొలిచే తల్లి పురుగో, గుడ్ల సముదాయమో కనిపించాకే వాడాలి.