పెన్ ట్యాబ్లెట్ నిబ్బులు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పెన్ ట్యాబ్లెట్ అంటే కంప్యూటర్‌కు తగిలించే పలక, దాని మీద ప్రత్యేకమైన పెన్నుతో గీస్తే స్క్రీన్ మీద పడుతుంది. అది కొనేటప్పుడు అందరూ సైజు ఎంత, ప్రెషర్ లెవెల్స్ (నొక్కే ఒత్తిడిలో అది గుర్తించే మెట్లు) ఎన్ని అని అడుగుతారు. పెన్ను మొనకు ఉండే నిబ్బు సంగతి ఎవరూ అడగరు. రోజూ దాని మీద పని చేసేవాళ్లకు మాత్రం చేతికి తగిలేది ఆ నిబ్బే. 2048 లెవెల్స్ ఉన్న చిన్న ట్యాబ్లెట్ మీద మంచి నిబ్బుతో గీసిన గీత, 8192 లెవెల్స్ ఉన్న ఖరీదైన ట్యాబ్లెట్ మీద అరిగిన నిబ్బుతో గీసిన గీత కన్నా శుభ్రంగా వస్తుంది. రెండు రకాలూ వాడుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

విజయవాడలో తెలుగు లెటరింగ్ నా పని. పెళ్లి కార్డుల మీద పేర్లు, షాపుల బోర్డులు, ఫ్లెక్సీలకు హెడ్డింగులు, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్మ్ టైటిళ్లు. నా దగ్గరున్న రెండు ట్యాబ్లెట్లూ వాకమ్ కంపెనీవే. షాపులో వన్ బై వాకమ్ చిన్న సైజు ఉంది, మోడల్ సీటీఎల్-472. ఇంట్లో ఇంటుయోస్ ప్రో మీడియం, పీటీహెచ్-660. చిన్నదాని బాక్సులో మూడు స్పేర్ నిబ్బులు, నిబ్బు లాగడానికి ఒక చిన్న రింగు ఇచ్చారు. ప్రో మోడల్‌లో పెన్ను నిలబెట్టే స్టాండు లోపలే పది నిబ్బులు ఉంటాయి. ఆరు మామూలువి, నాలుగు ఫెల్ట్‌వి (పీచు మొనవి). స్టాండు అడుగు భాగం తిప్పితే కనిపిస్తాయి. అవి అక్కడున్నాయని తెలియక బయట కొనుక్కున్నవాళ్లు నాకు చాలామంది తగిలారు.

వాకమ్ పెన్నులో బ్యాటరీ ఉండదు. ట్యాబ్లెట్ లోపల పరిచిన తీగల నుంచి వచ్చే సిగ్నల్‌ను పెన్నులోని కాయిల్ అందుకుని తిరిగి పంపుతుంది. పెన్ను ఎక్కడుందో ట్యాబ్లెట్‌కు అలా తెలుస్తుంది. నిబ్బులో మాత్రం ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు, అదొక సన్నని ప్లాస్టిక్ పుల్ల. మనం నొక్కిన ఒత్తిడిని లోపలి సెన్సర్‌కు చేరవేయడం ఒక్కటే దాని పని. అందుకే నిబ్బు సగం అరిగినా కర్సర్ ఎప్పటిలాగే కదులుతుంది, గీత పడుతూనే ఉంటుంది. అరిగిందని స్క్రీన్ మీద ఎక్కడా మెసేజ్ రాదు. చేత్తో, కంటితో మనమే కనిపెట్టాలి.

నిబ్బును అరిగేలాగే తయారు చేస్తారు. బైకులో డిస్కు పాడవకుండా బ్రేక్ ప్యాడ్ అరిగినట్టు, ఇక్కడ ట్యాబ్లెట్ పైపొర పాడవకుండా నిబ్బు అరుగుతుంది. కాగితం మీద రాసినట్టు అనిపించాలని ఆ పైపొరను కొంచెం గరుకుగా చేస్తారు. ఆ గరుకే నిబ్బును తినేస్తుంది. నిబ్బు కొన్ని పదుల రూపాయల వస్తువు, పైపొర పోతే పోయేది వేల రూపాయల ట్యాబ్లెట్.

మనం పెన్నును ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకుంటాం. పైగా పక్కన ఉండే బటన్ బొటనవేలి కిందికి రావాలి కాబట్టి పెన్ను చేతిలో గుండ్రంగా తిరగదు. దాంతో నిబ్బు ఒక్క వైపే అరిగి, గుండ్రటి మొన కాస్తా ఏటవాలుగా కోసినట్టు అవుతుంది. ఆ కోత అంచు పదునెక్కుతుంది. పొడవు తగ్గడం కన్నా ఈ పదును ప్రమాదం. పైపొరను గీరేది అదే.

తెలుగు రాసేవాళ్లకు ఇది ఇంకా ముందే తెలుస్తుంది. మన అక్షరాల్లో దాదాపు అన్నీ వంపులే. సున్నా చుట్టేటప్పుడు చెయ్యి నాలుగు దిక్కులకూ తిరగాలి. నిబ్బు ఏటవాలుగా అరిగిపోతే ఒక వైపు జర్రున జారుతుంది, ఎదురు వైపుకు వచ్చేసరికి అంచు పట్టేస్తుంది. ‘ఠ’ రాస్తే ఎడమ వైపు నున్నగా వచ్చి కుడి వైపు చిన్న కుదుపు కనిపిస్తుంది. గుడి తిప్పేటప్పుడు, కొమ్ము చివర లాగేటప్పుడు గీత మందం అకస్మాత్తుగా పెరుగుతుంది. నా పనిలో నిబ్బు మార్చాలని చెప్పే మొదటి గుర్తు ఇదే. ఫొటోలు రీటచ్ చేసే మా స్నేహితుడికి ఇంతే అరిగిన నిబ్బుతో వారాలపాటు ఇబ్బందే రాదు, ఎందుకంటే అతనివి చిన్న చిన్న అద్దుడు గీతలు.

రెండో గుర్తు కోసం నిబ్బును గోటి మీద మెల్లగా దొర్లించి చూస్తాను. అంచు గోటికి తగిలి పట్టినట్టు అనిపిస్తే ఆ రోజే మార్చేస్తాను. బయటికి కనిపించే మొన ఒక మిల్లీమీటరు దాకా తగ్గిపోయినా అంతే. మరీ పొట్టిదైతే పెన్ను బాడీ వెళ్లి ట్యాబ్లెట్‌కు రాసుకుంటుంది, నిబ్బును పట్టుకుని లాగడానికి జాగా కూడా మిగలదు.

ఎన్నాళ్లు వస్తుందని అందరూ అడుగుతారు. మామూలు రోజుల్లో నాకు ఒక నిబ్బు రెండు మూడు నెలలు వస్తుంది. మాఘంలో, శ్రావణంలో పెళ్లి కార్డులు ముంచెత్తినప్పుడు నెల దాటితే గొప్ప. 2024 వేసవిలో ఆంధ్రలో ఎన్నికలు వచ్చినప్పుడు ఫ్లెక్సీ పని రాత్రింబవళ్లు నడిచింది. అప్పుడైతే నిబ్బులు పెన్సిళ్లలా కరిగిపోయాయి. నా కన్నా గట్టిగా నొక్కి రాసే మనిషికి ఇందులో సగమే రావచ్చు. కాబట్టి నెలలు లెక్కపెట్టుకోకుండా మొనను చూసి మార్చడమే సరైన పద్ధతి.

మార్చడం చాలా తేలిక. రింగును నిబ్బుకు తొడిగి, కొంచెం పక్కకు వంచి బిగించి, పెన్నుకు నిటారుగా బయటికి లాగాలి. ఇంటుయోస్ ప్రో స్టాండులో నిబ్బు దూర్చడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో పెట్టి పెన్నును వాల్చి లాగితే వచ్చేస్తుంది. రింగు పోతే కనుబొమలు తీసే ప్లక్కర్ చాలు. నోస్ ప్లయర్‌తో కూడా వస్తుంది కానీ నొక్కడంలో నెమ్మది ఉండాలి. తిప్పుతూ లాగకూడదు, మెలితిప్పకూడదు. పొట్టిగా అరిగిన నిబ్బు లోపలే విరిగితే దాన్ని బయటికి తీయడం పెద్ద తలనొప్పి.

కొత్తది పెట్టేటప్పుడు మొన బయటికి ఉండేలా, ఆగేదాకా నిటారుగా తోయాలి. సగంలో ఆగితే పెన్ను పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఆనించగానే మందపు గీత పడటం, లేదా ఎంత నొక్కినా సన్నగానే రావడం. ఇలా జరిగితే డ్రైవర్ (ట్యాబ్లెట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, కేబుల్ మార్చడం లాంటివాటికి వెళ్లేముందు నిబ్బును ఒకసారి తీసి, రంధ్రంలో దుమ్ము ఉంటే ఊది, మళ్లీ పెట్టి చూడండి. నా దగ్గరికి ‘పెన్ను చెడిపోయిందన్నా’ అని వచ్చిన కుర్రాళ్లలో చాలామందికి సమస్య అక్కడే తీరింది.

కొత్త నిబ్బు మొదట్లో కొంచెం పరాయిగా ఉంటుంది, మొన మరీ గుండ్రంగా ఉండి జారినట్టు అనిపిస్తుంది. మామూలు తెల్ల కాగితం మీద పెన్నును అన్ని వైపులకూ తిప్పుతూ కాసేపు గీసి, ఆ తర్వాత పని మొదలుపెడతాను. ముఖ్యమైన టైటిల్ చేసే రోజు ఉదయం మాత్రం నిబ్బు మార్చను. ముందు రోజే మార్చి, చిన్నా చితకా పనులతో చేతికి అలవాటు చేస్తాను.

ఇక రకాల విషయం. మామూలు గట్టి ప్లాస్టిక్ నిబ్బు నా పనిలో తొంభై పాళ్లు మోస్తుంది. ఫెల్ట్ నిబ్బు మొనకు కాగితం మీద స్కెచ్ పెన్ను పెట్టినట్టు చక్కటి పట్టు ఉంటుంది. వంపు తిరిగే చోట చెయ్యి జారదు, గీతను మనం అనుకున్న చోట ఆపొచ్చు. బ్రష్ లెటరింగ్‌లో తలకట్టు చివర సన్నగా తేల్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. నాకు చాలా ఇష్టం. కానీ మామూలుదాని కన్నా ఎంతో త్వరగా అరుగుతుంది, మొన పీచులా లేస్తుంది. ఆ పీచు మీద దుమ్ము రేణువు అంటుకుంటే అది పైపొర మీద ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. అందుకే దాన్ని స్పెషల్ పనులకే తీస్తాను. వాకమ్ వాళ్ల పాత గ్రిప్ పెన్ మోడల్‌కు స్ప్రింగు ఉన్న స్ట్రోక్ నిబ్బులు, రబ్బరులా మెత్తగా ఉండే ఫ్లెక్స్ నిబ్బులు కూడా ఉండేవి. ఒకరి దగ్గర వాడి చూశాను. స్ప్రింగుది కాసేపు బ్రష్‌లా సరదాగా ఉంది కానీ, చిన్న అక్షరాలకు నాకు అదుపు దొరకలేదు.

కొనేటప్పుడు ట్యాబ్లెట్ పేరు చూసి కొనకండి, వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబరు చూసి, దాని పెన్ను పేరు తెలుసుకుని కొనండి. నా ఇంటుయోస్ ప్రోతో వచ్చిన ప్రో పెన్ 2 నిబ్బులూ పాత గ్రిప్ పెన్ నిబ్బులూ ఒకే కంపెనీవైనా ఒకదానిలో ఇంకొకటి పట్టవు. హుయాన్, ఎక్స్‌పీ-పెన్ లాంటి వేరే కంపెనీల నిబ్బులు మళ్లీ వేరు. ఆపిల్ పెన్సిల్‌ది ఇంకో దారి, దాని మొనను స్క్రూలా తిప్పి ఊడదీయాలి. ఐప్యాడ్ గాజు మీద అది చాలాకాలం వస్తుంది, పేపర్‌లాంటి ఫిల్మ్ అంటించుకుంటే మాత్రం వేగంగా అరుగుతుంది.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరులేని ప్యాకెట్ల గురించి నిజాయితీగా చెప్పాలి. అన్నీ చెత్త కాదు. ఒక ప్యాకెట్ నిబ్బులు అసలువాటికి ఏమాత్రం తీసిపోకుండా పనిచేశాయి. ఇంకో ప్యాకెట్‌లో మందం వెంట్రుకవాసి తక్కువ. పెన్నులో లొటలొటలాడుతూ, గీసినప్పుడల్లా టిక్కు టిక్కుమని చప్పుడు చేశాయి. మరో దాంట్లో మొన మీద అచ్చు పోసిన గీత అలాగే ఉంది, దాన్ని నున్నగా రుద్దకుండా వాడటానికి లేదు. మందం ఎక్కువైనవి మాత్రం వద్దే వద్దు. బలవంతంగా తోస్తే లోపల ఇరుక్కుపోయి పెన్నుకే ముప్పు. ప్యాకెట్ రాగానే పాత నిబ్బు పక్కన పెట్టి పొడవు, మందం పోల్చి చూసుకుంటాను. తేడా కనిపిస్తే ఆ ప్యాకెట్ వాపస్. కంపెనీవి దొరికినప్పుడు ఆ కాస్త ఎక్కువ పెట్టి అవే తీసుకుంటున్నాను.

గడ్డి కోసే మెషిన్‌కు వాడే నైలాన్ తీగను ముక్కలుగా కోసి నిబ్బుగా పెట్టుకునే చిట్కా చాలామంది చెబుతారు. పొలం పనులకు ఆ మెషిన్లు బాగా వచ్చాయి కాబట్టి మన దగ్గర తీగ దొరకడం కష్టం కాదు. సరిపడే మందం దొరికితే నిజంగానే పనిచేస్తుంది. కోసిన అంచును సన్నని ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దాలి, లేకపోతే ఆ బిరుసు పైపొరను గీరేస్తుంది. రాసేటప్పుడు కొంచెం రబ్బరులా సాగినట్టు ఉంటుంది. నిబ్బులు అయిపోయి పార్సిల్ కోసం ఎదురుచూసే రెండు రోజులకు పర్వాలేదు, లెటరింగ్ లాంటి పనికి నేను చెప్పను.

అంతకన్నా మంచి చిట్కా ఇంకొకటుంది. నిబ్బు ఒకవైపు కొంచెం అరగగానే బయటికి లాగి, సగం చుట్టు తిప్పి మళ్లీ పెట్టండి. గుండ్రంగా ఉన్న వైపు కిందికి వస్తుంది, ఇంకొన్నాళ్లు హాయిగా నడుస్తుంది. అంచు పదునెక్కకముందే చేయాలి.

డ్రైవర్‌లో ‘టిప్ ఫీల్’ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని మెత్తటి వైపుకు జరిపితే తక్కువ నొక్కినా మందపు గీత వస్తుంది. చేతికి శ్రమ తగ్గింది, నిబ్బుకు ఆయుష్షు పెరిగింది. రోజంతా రాసేవాళ్లు ముందు ఇది సరిచేసుకోవాలి. కృత (Krita) అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో పని చేసేవాళ్లు దాని సెట్టింగుల్లోనే ప్రెషర్ గీతను మార్చుకోవచ్చు.

పైపొర గురించి కూడా చెప్పాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఎక్కువగా రాసే నడిమి భాగం కొన్నాళ్లకు నునుపెక్కి మెరుస్తుంది. అక్కడ పట్టు తగ్గుతుంది. ఆ అరుగుదల సరిగ్గా నడిమిలో కాకుండా ఒక పక్కకు ఉంటే, డ్రైవర్‌లో ఎడమచేతివాటం వాళ్ల కోసం ఇచ్చే సెట్టింగ్ పెట్టి, ట్యాబ్లెట్‌ను తలకిందులుగా తిప్పి వాడితే అంతగా అరగని భాగం చేతి కిందికి వస్తుంది. నేను షాపు ట్యాబ్లెట్‌ను అలా తిప్పుకునే వాడుతున్నాను. 2017లో వచ్చిన ఇంటుయోస్ ప్రోకు అయితే పైన అంటించే షీట్ విడిగా మార్చుకోవచ్చు, నునుపు, మామూలు, గరుకు అని మూడు రకాలు వచ్చాయి. గరుకుది రాయడానికి అద్భుతంగా ఉంటుంది, నిబ్బులు మాత్రం గబగబా తినేస్తుంది.

మన ఊళ్ల దుమ్ముకు రోజూ పని మొదలుపెట్టే ముందు కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవడం తప్పనిసరి. రోడ్డు పక్క షాపుల్లో ఇసుక రేణువు ఒక్కటి నిబ్బు కింద పడితే చాలు, పైపొర మీద గాటు శాశ్వతం. మే నెలలో అరచేతి చెమటకు ట్యాబ్లెట్ బంకబంకగా అయి నిబ్బు ఆగుతూ పోతుంది. రెండు వేళ్ల గ్లవ్ తొడుక్కుంటే ఆ బాధ లేదు. పని అయ్యాక పెన్నును మొన కిందికి పెట్టి ఏ గ్లాసులోనో నిలబెట్టొద్దు. గంటల తరబడి నిబ్బు మీద బరువు పడితే లోపలి సెన్సర్ మొద్దుబారుతుంది. పక్కకు పడుకోబెట్టండి, లేదా దాని స్టాండులోనే ఉంచండి.

సెకండ్ హ్యాండ్ ట్యాబ్లెట్ కొనేవాళ్లు ముందు లైటు కింద ఏటవాలుగా పట్టుకుని పైపొర చూడండి. నడిమిలో మెరుపు ఉంటే పర్వాలేదు, గోటికి తగిలే గాట్లు ఉంటే ధర తగ్గించమని అడగండి. తర్వాత పెన్నులోని నిబ్బును అక్కడే బయటికి లాగించండి. తేలిగ్గా వచ్చి, మళ్లీ బిగుతుగా కూర్చుంటే పెన్ను బాగున్నట్టే. లాగడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ పెన్ను కొనొద్దు.